వేలంలో దొరికిన ఉస్తరా

అంగట్లో బేరం ఇద్దరి మధ్య జరుగుతుంది. వేలం పదిమంది మధ్య జరుగుతుంది. అంగట్లో కొనేవాడు ధరను తగ్గించడానికి ప్రయత్నిస్తాడు. వేలంలో కొనేవాడే ధరను పెంచుతాడు. ఒకరి తరువాత ఒకరు గొంతెత్తి పలుకుతారు కనుకనే కాబోలు, మన పెద్దలు దానికి 'వేలం పాట' అని పేరు పెట్టారు. ఉర్దూలోని 'నీలామ్' అనే మాట పోర్చుగీసు వర్తకుల 'లైలావ్' నుండి వచ్చిందనీ, దానికి మూలం అరబ్బీలో ఉన్నదనీ నిఘంటుకారులు చెబుతారు. ఓడలతో పాటు రేవు నుండి రేవుకు తిరిగిన మాట అది. విశాఖపట్నం వంటి రేవు పట్టణంలో పుట్టి పెరిగిన విద్యార్థి అటువంటి వేలాన్ని గూర్చి నాలుగు మాటలు వ్రాయడం అనుచితం కాదని తలుస్తాను.

మన చేపలరేవులో తెల్లవారుజామున వేలం జరుగుతుంది. మరబోట్లు ఒడ్డు చేరగానే చేపలను కుప్పలుగా పోస్తారు. చుట్టూ చేరిన వ్యాపారులు, గంపలు పట్టుకొని వచ్చిన స్త్రీలు ఒక్క చూపులో సరకును అంచనా కట్టుకొంటారు. చేప మొప్ప ఎత్తి రంగు చూస్తారు, వ్రేలితో ఒత్తి బిగువు చూస్తారు, ఆ తరువాతనే నోరు విప్పుతారు. అక్కడ పాడేవాని ముఖం కనిపిస్తుంది. సరకు చేతికి అందుతుంది. మోసానికి తావు తక్కువ.

ఈ కాలంలో మరొక విధమైన వేలం వచ్చింది. 1995లో అమెరికాలో పియెర్ ఒమిడ్యార్ అనే యువకుడు కంప్యూటర్ల మీద ప్రారంభించిన వేలం వేదికయే తరువాత ఈబే అనే పేరుతో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. మన దేశంలో 2000లో ఆరంభమైన బాజీ అనే సంస్థను 2004లో ఈబే కొన్నది. ఆ భారతీయ శాఖ 2018లో మూతపడింది. అప్పటి నుండి ఆ పేరు మీద పాత వస్తువులు కొనదలచినవారు నేరుగా విదేశాల వేదికలనే ఆశ్రయించవలసి వస్తున్నది. ఈ వేలంలో పాడేవారి గొంతు వినిపించదు, ముఖం కనిపించదు. వస్తువు సముద్రాలకు ఆవల ఎవరి ఇంటి అరలోనో ఉంటుంది. మన చేతిలో ఉండేవి నాలుగైదు ఛాయాచిత్రాలు, కొన్ని వర్ణన వాక్యాలు మాత్రమే. దూరపు కొండలు నునుపన్న సామెత ఇక్కడికి సరిగ్గా అతుకుతుంది.

అటువంటి వేలంలో నేను గత సంవత్సరం ఒక క్షౌరపు కత్తిని కొన్నాను. మా ఇంటి భాషలో చెప్పవలసి వస్తే, ఉస్తరా. ఇరవై ఏళ్ళ విద్యార్థికి ఫోను మీద, మోటారు సైకిలు మీద మోజు ఉండడం సహజం కాని, నూరేళ్ళ నాటి క్షౌరపు కత్తి మీద ఈ మోజు ఏమిటని మిత్రులు అడిగారు. దానికి జవాబు కొంత మా కుటుంబంలోనూ, కొంత ఉక్కు చరిత్రలోనూ ఉన్నది.

మాది క్షౌరవృత్తి కుటుంబం. ముస్లిములలో మమ్మల్ని హజ్జాములని, నాయీలని పిలుస్తారు. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బి.సి.–ఇ జాబితాలో చేర్చిన వర్గాలలో మా వర్గం కూడా ఒకటి. మా దాదా పాత పట్టణంలో, రేవుకు పోయే దారిలో ఒక చిన్న దుకాణం నడిపేవారు. 1933లో మన రేవు తెరచిన తరువాత ఆ దారిన నడవని దేశం మనిషి లేడని ఆయన అనేవారట. నెలల తరబడి నీటి మీద గడిపి ఒడ్డుకు వచ్చిన నావికుడు మొట్టమొదట వెదికేది మంచి భోజనాన్ని, ఆ తరువాత మంచి క్షవరాన్ని. దాదా వద్ద ఉన్న మూడు ఉస్తరాలలో రెండు ఆ నావికుల వద్ద కొన్నవే. వాటి మీద ఏ దేశపు అక్షరాలు ఉండేవో ఆయనకు తెలియదు. కాని ఏ కత్తి ఎటువంటి గడ్డానికి ఒదుగుతుందో మాత్రం కళ్ళు మూసుకొని చెప్పగలిగేవారట.

ఆ కత్తులు ఇప్పుడు మా ఇంట్లో లేవు. 1986లో మన దేశంలో తొలిసారిగా హెచ్.ఐ.వి. గుర్తింపబడింది. ఆ తరువాతి దశాబ్దంలో ఆ భయం మారుమూల దుకాణాలకు కూడా ప్రాకింది. ఒకే కత్తిని పదిమంది మీద వాడితే కామెర్ల వ్యాధి క్రిములు సైతం రక్తం ద్వారా ఒకరి నుండి ఒకరికి సంక్రమించవచ్చునని వైద్యులు హెచ్చరించారు. ఆ హెచ్చరిక న్యాయమైనదే. మా అబ్బా దానిని మారుమాట లేకుండా పాటించారు. బ్లేడును కాగితంలో ఉండగానే రెండుగా విరిచి, సగాన్ని ఉక్కు పిడిలో అమర్చి, ఒకరి పని ముగియగానే దానిని పారవేసే పద్ధతి నేడు ప్రతి దుకాణంలోనూ మీరు చూస్తున్నదే. పనిలేకుండా పడివున్న పాత ఉస్తరాలను ఆయన ఒకనాడు పాత ఇనుము కొనేవానికి తూకం మీద ఇచ్చివేశారు. ఎంత వచ్చిందని నేను ఎన్నిసార్లు అడిగినా ఆయన చెప్పలేదు. గోడకు మేకు మీద దాదా వాడిన తోలుపట్టా మాత్రం మిగిలింది. దాని మీద నూరడానికి కత్తి లేకపోయినా, ఏటా ఒకసారి ఆయన దానికి నూనె రాస్తూనే ఉన్నారు.

మరొక సంగతి కూడా చెప్పాలి. పాఠశాలలో చేరిన నాటి నుండి ప్రతి దరఖాస్తులోనూ 'తండ్రి వృత్తి' అనే గడి ఒకటి ఉండేది. దానిలో 'వ్యాపారం' అని వ్రాయమని అబ్బాయే చెప్పేవారు. దుకాణం ఉన్నది కనుక అది అబద్ధం కాదు. కాని ఒకరి తలను, గడ్డాన్ని, నమ్మకంతో చాచిన కంఠాన్ని ప్రతిదినం చేతులలోకి తీసుకొనే మనిషి తన పనికి మరొక పేరు పెట్టుకోవలసి రావడం ఎందుకో నా మనస్సును కలచివేసేది. మన లోకోక్తులలోనూ, తిట్లలోనూ ఈ వృత్తికి దక్కిన స్థానం ఎటువంటిదో మీకందరికీ తెలుసు. తోలుపట్టా మేకుకు వ్రేలాడుతుండగా దానికొక కత్తిని తిరిగి తేవాలన్న కోరిక నాకు అలా కలిగింది.

మడత కత్తి వలె కనిపించే ఈ ఉస్తరా నిర్మాణం సామాన్యమైనది కాదు. దాని వీపు మందంగా ఉంటుంది; అక్కడి నుండి రెండు ప్రక్కలనూ సానచక్రం మీద లోపలికి తొలిచి, అంచు వద్దకు వచ్చేసరికి కాగితం వలె పలుచన చేస్తారు. కత్తిని రాతి మీద పడుకోబెడితే వీపు, అంచు రెండూ ఒకేసారి రాయిని తాకుతాయి. అనగా అంచు ఏ కోణంలో అరగాలో నిర్ణయించేది పనివాని చేయి కాదు, కత్తి వీపే. ఆ వీపు వంకరగా అరిగితే ఎంతటి నేర్పరి అయినా సమమైన ధారను రప్పించలేడు. అమెరికాలో జిలెట్ సంస్థ 1903లో తన కొత్త సాధనాన్ని అమ్మకానికి పెట్టినప్పుడు ఆ ఏడాది అమ్ముడుపోయినవి 51 మాత్రమే. కాని అరిగిన బ్లేడును పారవేసి కొత్తది వేసుకొనే సౌలభ్యం కొద్ది కాలంలోనే ప్రపంచాన్ని జయించింది. ఉస్తరా గడ్డం గీసుకొనేవారి ఇళ్ళ నుండి తొలగిపోయి వృత్తిదారుల చేతిలో మాత్రమే మిగిలింది. ఆ పిదప వారి చేతినుండి కూడా జారిపోయింది. అలా మిగిలిపోయిన పాత కత్తులే నేడు వేలానికి వస్తున్నాయి.

రాత్రి దుకాణం మూసి వచ్చిన తరువాత అబ్బా, నేను ఫోను ముందు కూర్చొనేవాళ్ళం. ఆయనకు ఇంగ్లీషు రాదు. నాకు ఇనుము తెలియదు. కనుక వర్ణన నేను చదివి చెప్పేవాణ్ణి, బొమ్మను ఆయన చదివేవారు. మొదట వీపును చూడమన్నారు. వీపు మీద వెడల్పాటి చదునైన పట్టీ ఏర్పడి ఉంటే, ఎవరో దానిని అతిగా నూరారని అర్థం. తరువాత అంచును మడమ నుండి కొన దాకా చూడమన్నారు. అంచు నెలవంక వలె కొద్దిగా వెలుపలికి ఉబ్బి ఉంటే ఫరవాలేదు. లోపలికి కుంగి ఉంటే మాత్రం మధ్యభాగం రాయికి అందదు. మూడవది, అంచులో వెంట్రుక వంటి చీలిక ఉన్నదేమో చూడాలి. చీలిక ఉన్న కత్తికి వైద్యం లేదు. నాలుగవది తుప్పు. వీపు మీద నల్లమచ్చలు ఉన్నా నష్టం లేదు. అవే మచ్చలు అంచును సమీపిస్తే, నూరేకొద్దీ ఆ గుంటలు బయటపడి అంచు రంపం వలె అవుతుంది. పాత సెల్యులాయిడ్ పిడి గల కత్తులను వదిలివేయమని నేను చదివిన విషయం ఆయనకు చెప్పాను. ఆ పదార్థం చివికిపోయేటప్పుడు వెలువడే ఆవిరి ఉక్కును తినివేస్తుంది.

ఒకనాడు అద్దం వలె తళతళలాడుతున్న కత్తి ఒకటి వేలానికి వచ్చింది. నేను ఉత్సాహపడ్డాను. అబ్బా బొమ్మను పెద్దది చేయమని చాలాసేపు చూశారు.

"మెరుపును చూడకు బేటా, అక్షరాలను చూడు" అన్నారు. "ఆ ముద్ర అంచులు చెరిగిపోయి ఉన్నాయి. ఎవరో చక్రం మీద పెట్టి బాగా రుద్దారు. ఆ వేడికి ఉక్కులో పదును పోయి ఉంటుంది. చూడడానికి పెళ్ళికొడుకు, పనికి మాత్రం పనికిరాడు."

ఆ మాటలోని శాస్త్రాన్ని తరువాత మా రసాయనశాస్త్ర ఉపన్యాసకులు నాకు వివరించారు. కాల్చి, ఒక్కసారిగా చల్లార్చి, మరల తగుమాత్రంగా వెచ్చజేసి ఉక్కుకు ఇచ్చిన గట్టిదనం మితిమీరిన వేడి తగిలితే సడలిపోతుంది. పలుచని అంచు క్షణంలో వేడెక్కుతుంది. చదువురాని మా అబ్బా చెరిగిన అక్షరాలలో చదివినది ఆ శాస్త్రాన్నే.

ఇక పాడడం సంగతి. తపాలా ఖర్చుతో కలిపి 3,000 రూపాయలకు మించరాదని ముందే నిశ్చయించుకొన్నాను. అది చిన్నపిల్లలకు పాఠాలు చెప్పి కూడబెట్టిన సొమ్ము. ఈ వేలాలలో మనం ఇవ్వదలచిన గరిష్ఠ ధరను ముందుగా తెలియజేయవచ్చు. అది ఇతరులకు కనిపించదు. ఎదుటివారు పాడినకొద్దీ యంత్రమే మన పక్షాన ఒక్కొక్క మెట్టు పెంచుతుంది. నేను 2,000 అని చెప్పి ఉండి, తక్కినవారిలో అధికంగా పాడినవాడు 1,400 వద్ద ఆగిపోతే, నేను చెల్లించవలసినది 1,400కు ఒక మెట్టు పైన మాత్రమే. ఇటువంటి పద్ధతిలో ప్రతివారూ తమ మనస్సులోని నిజమైన ధరను చెప్పడమే లాభదాయకమని 1961లో విలియం విక్రీ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడు నిరూపించాడు. ఆయనకు 1996లో నోబెల్ పురస్కారం లభించింది.

శాస్త్రం అలా చెప్పినా మనుష్యులు అలా చేయరు. వేలం ముగియడానికి కొద్ది క్షణాల ముందు వరకూ మౌనంగా ఉండి, ఆఖరి ఘడియలో దూకేవారు అనేకులు. ఇంగ్లండులో ఆదివారం రాత్రి 9 గంటలకు ముగిసే వేలం శీతకాలంలో మనకు సోమవారం తెల్లవారుజామున 2.30 గంటలకు ముగుస్తుంది. అలా మేల్కొని కూర్చొన్న రాత్రులలో నాలుగు కత్తులు నా కళ్ళ ముందే ఇతరులపరమయ్యాయి. మరి 200 రూపాయలు పెంచి ఉంటే దొరికేదే అనిపించేది. ఆ '200' అనే ఊహలోనే వేలం ఆకర్షణ, అపాయం కూడా ఉన్నాయి. పదిమంది ఒక వస్తువు విలువను ఊహించినప్పుడు అందరికన్నా ఎక్కువగా ఊహించినవానికే అది దక్కుతుంది. అనగా గెలిచినవాడు తరచుగా అధికంగా అంచనా కట్టినవాడే అయి ఉంటాడు. చమురు బావుల వేలాలను పరిశీలించిన ముగ్గురు అమెరికా ఇంజనీర్లు 1971లో ఈ సంగతిని లెక్కలతో చూపారు. కాబట్టి హద్దు ముందే గీసుకోవాలి. పాట మొదలైన తరువాత గీసే హద్దు హద్దు కాదు.

ఐదవ కత్తి మాకు దక్కింది. దాని ఛాయాచిత్రాలు మసకగా ఉన్నాయి. వర్ణనలో తయారీదారుని పేరు లేదు. పైన తుప్పు మచ్చలు కనిపిస్తున్నాయి. అందువలన పాడేవారు పలుచబడ్డారు. కాని వీపు చక్కగా ఉన్నదని, మచ్చలు అంచు దాకా రాలేదని, కనిపించిన రెండు మూడు అక్షరాలూ చెక్కుచెదరలేదని అబ్బా చెప్పారు. కత్తి ధర 1,150 రూపాయలు. తపాలా ఖర్చు అంతకు మించి, 1,200 రూపాయలు. నాలుగు వారాల తరువాత తపాలా ఉద్యోగి సుంకం వసూలు చేసుకొని పొట్లాన్ని మా ఇంటి గుమ్మంలో ఇచ్చాడు. అన్నీ కలిపి నేను గీసుకొన్న హద్దులోనే ఉన్నది.

అబ్బా మెత్తని గుడ్డతో, నూనెతో రెండు సాయంకాలాలు ఆ మచ్చలను తుడిచారు. నల్లని పొర తొలగగా ఉక్కు మీద రెండు ముద్రలు బయటపడ్డాయి. ఒకటి 'ఇంగ్లండ్' అని. విదేశీ సరకుల మీద దేశం పేరు ముద్రించి తీరాలని అమెరికా 1891లో నియమం పెట్టినది మొదలు ఆంగ్లేయులు తమ కత్తుల మీద ఆ పేరు వేయసాగారు. కనుక ఇది ఆ సంవత్సరానికి తరువాతిది కావచ్చును. రెండవ ముద్ర 'సిల్వర్ స్టీల్', అనగా వెండి ఉక్కు. ఆ రెండు మాటల వెనుక ఉన్న కథను తెలుసుకొన్నప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇంతా అంతా కాదు.

నేటి నిజామాబాద్ జిల్లాలో కోనసముద్రం అనే గ్రామం ఉన్నది. అక్కడి కమ్మరులు ఇనుమును మట్టి మూసలలో పెట్టి, గంటల తరబడి కొలిమిలో కరిగించి, ఉక్కు దిమ్మలను తయారు చేసేవారు. 19వ శతాబ్దపు తొలినాళ్ళలో ఆ గ్రామాన్ని దర్శించిన హెన్రీ వాయిసీ అనే ఆంగ్లేయ వైద్యుడు ఆ పద్ధతిని వివరంగా వ్రాసిపెట్టాడు. ఆయన వ్యాసం 1832లో వెలువడింది. ఆ ఉక్కును కొనడానికి పారసీక దేశపు ఇస్ఫహాన్ నుండి వర్తకుడు స్వయంగా వచ్చి ఉండడం ఆయన కనులారా చూశాడు. దక్షిణ దేశపు 'ఉక్కు' అనే మాటయే ఆంగ్లేయుల నోట 'వూట్జ్' అయిందని పండితులు చెబుతారు. బొంబాయి నుండి లండనుకు పంపిన అటువంటి ఉక్కును పరీక్షించి జార్జ్ పియర్సన్ 1795లో రాయల్ సొసైటీ పత్రికలో వ్యాసం ప్రకటించాడు. లండనులో శస్త్రచికిత్స పరికరాలు, క్షౌరపు కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్ ఆ ఉక్కును వాడి చూసి, ఐరోపాలోని శ్రేష్ఠమైన ఉక్కు కన్నా ఇదియే మేలని తన దుకాణపు ప్రకటన పత్రంలోనే అచ్చువేసుకొన్నాడు.

అటువంటి ఉక్కును తమ దేశంలోనే చేయాలన్న సంకల్పంతో స్టోడార్ట్ ఒక యువ శాస్త్రజ్ఞుని సహాయం పొందాడు. ఆ యువకుడే మైకేల్ ఫారడే. కమ్మరి కుమారుడు; పుస్తకాలకు అట్టలు కట్టే పని నేర్చి, ఆ పుస్తకాలను చదివి శాస్త్రజ్ఞుడైనవాడు. 1819లో ఆయన మన ఉక్కును విశ్లేషించి వ్యాసం వ్రాశాడు. 1820లోను, 1822లోను ఇరువురూ కలిసి తమ ప్రయోగ ఫలితాలను ప్రకటించారు. ఉక్కులో 500వ వంతు వెండిని కలిపిన మిశ్రమం ఆ ప్రయోగాలలో పుట్టినదే. ఫారడే తన ఉక్కుతో చేయించిన క్షౌరపు కత్తులను మిత్రులకు కానుకగా ఇచ్చేవాడు. ఆ తరువాత షెఫీల్డు నగరపు తయారీదార్లు తమ కత్తుల మీద 'సిల్వర్ స్టీల్' అని ముద్రించడం ఆచారమైంది. కాలక్రమాన అది వ్యాపారనామంగానే మిగిలింది. నా కత్తిలో వెండి ఉన్నదని నేను అనను. కాని తెలుగు కమ్మరి మూసలో పుట్టిన ఉక్కును అనుకరించబోయి ఆంగ్లేయులు చేసిన ప్రయత్నపు జాడ ఒకటి, రెండు శతాబ్దాల తరువాత, రేవు పట్టణంలోని ఒక హజ్జాము ఇంటికి చేరింది.

మన నగరానికి ఉక్కు నగరమని పేరు. 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అని 1966లో ప్రాణాలకు తెగించి పోరాడిన తరువాత, 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న కర్మాగారం జాతికి అంకితమైంది. అక్కడ తయారయ్యేవి కడ్డీలు, తీగచుట్టలు, కట్టడాలకు వాడే దూలాలు. అవి దేశపు ఎముకలు. క్షౌరపు కత్తి అటువంటి మహాకార్యమేమీ కాదు. అయినా అదీ ఉక్కే. ఉక్కు గొప్పదనం టన్నులలో మాత్రమే కాక, వెంట్రుకవాసి అంచులో కూడా ఉన్నదని ఈ చిన్న వస్తువు నాకు నేర్పింది.

కత్తిని స్పిరిటుతో శుభ్రం చేసిన పిమ్మట నూరే పని మొదలైంది. రాళ్ళకు అంకెలు ఉంటాయి; అంకె పెరిగినకొద్దీ రాయి నునుపు పెరుగుతుంది. 1,000 అంకె రాతి మీద అంచును సరిచేసి, 4,000 మీద నునుపు తెచ్చి, 8,000 మీద ముగించాము. రాతి మీద అంచు ముందుగా నడవాలి. తోలు మీద వీపు ముందుగా నడవాలి. తోలు మీద అంచు ముందు నడిస్తే తోలూ తెగుతుంది, ధారా పోతుంది. దాదా తోలుపట్టాను మేకు నుండి దించకుండానే అబ్బా దాని చివరను ఎడమచేత బిగబట్టి కత్తిని నడిపారు. ముప్పై ఏళ్ళుగా ఆ పని చేయని చేయి ఒక్క క్షణం కూడా తడబడలేదు. ప్రతి మలుపులోనూ కత్తి వీపు మీద తిరుగుతూ చేసిన ఆ చిన్న చప్పుడును వంటింట్లో నుండి విని, అమ్మీ చేతిలో పని ఆపి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

ఆ కత్తిని నేనొక్కడినే వాడుతున్నాను. ఆరోగ్య నియమం అదే. వేడినీళ్ళతో గడ్డాన్ని మెత్తబరచి, నురుగు పట్టించి, ఎడమచేతితో చర్మాన్ని సాగదీసి, కత్తిని చెంపకు సుమారు 30 డిగ్రీల కోణంలో ఉంచి, బరువు వేయకుండా జారవిడవాలి. చివర పటికరాయి, చన్నీళ్ళు. వాడిన వెంటనే తుడిచి కుట్టుమిషను నూనె పూయకపోతే మన సముద్రపు గాలి ఒక్క రాత్రిలో దానిని కాటువేస్తుంది. అయిదు నిమిషాల పనికి ఇప్పుడు నాకు ఇరవై నిమిషాలు పడుతున్నది. ఆ ఇరవై నిమిషాలు మరి దేనినీ తలవడానికి వీలులేదు. మా అబ్బా ప్రతిరోజూ పది పన్నెండు గంటలు ఇటువంటి ఏకాగ్రతతోనే, అదీ పరుల ముఖం మీద, పని చేశారన్న సంగతి నాకు కత్తి పట్టిన తరువాతనే తెలిసివచ్చింది.

ఈ సంవత్సరం ఉపకారవేతనపు దరఖాస్తు వచ్చినప్పుడు 'తండ్రి వృత్తి' అనే గడిలో ఏమి వ్రాయాలని నేను ఎవరినీ అడగలేదు. 'క్షౌరవృత్తి' అని వ్రాసి సంతకానికి ఇచ్చాను. అబ్బా దానిని చదివించుకొన్నారు. తరువాత సంతకం చేశారు.

చివరగా కళాశాల సంఘంవారికి ఒక విన్నపం. మన విద్యార్థులలో దర్జీల పిల్లలున్నారు, కళాయివారి పిల్లలున్నారు, వలలు అల్లేవారి పిల్లలున్నారు, ఓడల మరమ్మతు పనివారి పిల్లలున్నారు. వారి ఇళ్ళలో కత్తెరలు, కొలిమితిత్తులు, వల అల్లే సూదులు, సుత్తెలు పాత ఇనుము బండి కోసం ఎదురుచూస్తూ ఉండి ఉంటాయి. వాటిలో ప్రతిదానికీ ఒక శాస్త్రం ఉన్నది. దానిని ఎరిగిన తండ్రో తల్లో ఇంకా మన మధ్య ఉన్నారు. రాబోయే వార్షికోత్సవంలో చిత్రకళా ప్రదర్శన ప్రక్కన ఆ పనిముట్లకు రెండు బల్లలు కేటాయించి, వాటిని వాడినవారినే పిలిచి విద్యార్థులకు వివరింపజేయవలెనని కోరుతున్నాను. మొదటి బల్ల మీద ఉంచడానికి ఒక ఉస్తరా, ఒక తోలుపట్టా సిద్ధంగా ఉన్నాయి. దుకాణానికి ఒక పూట సెలవు పెట్టి వస్తానని అబ్బా ఒప్పుకొన్నారు.